ముద్దుబిడ్డ

వీపనగండ్ల తహసీలు ఆఫీసు ముందర చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన ఒకరున్నారు. ఊరందరికీ ఆయన అర్జీల సారు. సగం పనిని మీసేవ మింగేసింది, మిగతా సగానికి ఆయనే దిక్కు. పింఛను ఆగింది, పట్టా పాసుపుస్తకంలో తండ్రి పేరు తప్పు పడింది, రేషన్ కార్డులో కోడలు పేరు ఎక్కలేదు, ఏ కష్టమైనా ఆయన కలం కింద ఒక్క పేజీకి కుదురుకుంటుంది. "గౌరవనీయులైన" దగ్గర మొదలై "తమ విధేయుడు" దగ్గర ఆగుతుంది. ఆయన వృత్తి రహస్యం ఒకటే, అడిగితే దాచుకోరు కూడా. కాగితం మీద మనిషి ఎంత చిన్నగా కనపడితే పని అంత తొందరగా అవుతుందట. రెండెకరాలుంటే ఎకరం అని, ఎకరం ఉంటే గుంటలని రాస్తారు. ఆ విద్యలో ఆయనకు మండలంలో సాటి లేరు. అలాంటి మనిషి కలం కూడా ఒకసారి ఆగిపోయింది. సంగతి ఆయనే చెప్పారు.

ఆ కలాన్ని ఆపింది మండలంలోనే ఒక ఊరికి చెందిన శారద కథల ఆయన. పేరు వద్దులెండి, ఇప్పుడది బయటపడటం ఆయనకే నష్టం, ఎందుకో తర్వాత తెలుస్తుంది. బుడిగ జంగాల కుటుంబం. భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, ఇరుపక్కలా గుమ్మెటలు పట్టిన ఆడవాళ్లు వంత. పెద్దింటి వాకిట్లో దీపం పెట్టిన దగ్గర్నుంచి కోడి కూసేదాకా కథ నడిచేది. పండుగ సాయన్న కథ ఎత్తుకుంటే జనం కూర్చున్నచోటు నుంచి కదిలేవాళ్లు కాదు. ఉన్నవాళ్ల గాదెలు కొల్లగొట్టి లేనివాళ్లకు పంచిన సాయన్న అంటే పాలమూరులో దేవుడి తర్వాత దేవుడు. టీవీ వచ్చాక కథ రెండు గంటలకు కుదించుకుపోయింది, ఫోన్లు వచ్చాక అదీ పోయింది. ఇక మిగిలింది పాలమూరులో అందరికీ తెలిసిన దారే. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అన్న పేరు వినపడేది కదా, ఆ లేబర్‌లో కలిసిపోయారు. పానగల్ దిక్కు గుంపు మేస్త్రీ ఒకడు అడ్వాన్సు ఇచ్చి, ముగ్గుర్నీ హైదరాబాద్ శివార్లలో లేస్తున్న అపార్టుమెంట్ల కిందికి తీసుకుపోయాడు. ఆయన ఇటుకలు అందిస్తాడు, భార్య ఇసుక జల్లెడ పడుతుంది. ఇరవై దాటిన కొడుకు మాత్రం గుడిసెలోనే ఉంటాడు. అతనికి మూర్ఛ. నాలుగో అంతస్తు సెంట్రింగ్ మీద ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే ఏమవుతుందో మేస్త్రీకీ తెలుసు, తండ్రికీ తెలుసు.

ఫిట్స్ మందులకు ఒక గుణం ఉంది. వేసుకున్నన్నాళ్లు ఏమీ కానట్టే ఉంటుంది, మానేస్తే ఒక్కసారిగా పడేస్తుంది. ఏళ్ల తరబడి పూట తప్పకుండా మింగాలి. నెల మందులు ఒకేసారి కొనే స్తోమత లేనివాళ్లకు మెడికల్ షాపులో కత్తెర ఉంటుంది. నాలుగు రోజులవి కావాలంటే స్ట్రిప్‌లోంచి ఎనిమిది గోలీలు కత్తిరించి ఇస్తారు. మందు పేరు, గడువు తేదీ ఉన్న చివర షాపువాడి దగ్గరే ఉండిపోతుంది. అలా కత్తిరించిన ముక్కలనే బల్ల మీద పోసి, "దీనికేమన్న రాయి సారూ" అన్నాడు శారదాయన, మొదటిసారి వచ్చినప్పుడు.

అర్జీల సారు దారులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూపించారు, చూపిస్తూనే మూసేశారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగిన మాట నిజమే, కానీ అది ఆసుపత్రి మంచం ఎక్కినవాడికి. ఇంట్లో కూర్చుని పూట పూటా మింగే గోలీకి ఆ పది లక్షల్లో పది రూపాయలు రాలడం కష్టం. ముఖ్యమంత్రి సహాయనిధికి ఆసుపత్రి బిల్లులు కావాలి. ఈయన దగ్గర కత్తిరించిన ముక్కలున్నాయి, బిల్లులు లేవు.

కళాకారుల లెక్కలో చూద్దామంటే, కేంద్రం వృద్ధ కళాకారులకు నెలకు ఆరు వేల దాకా ఇచ్చే పథకం ఒకటుంది. అరవై నిండాలి, ఈయనకు యాభై నాలుగు. నిండినా ఏడాది ఆదాయం 72 వేలు మించకూడదు. అంటే రోజుకు సగటున రెండు వందలు కూడా పడకూడదు. ఈయన కూలి ఆరేడు వందలు. కూలికి పోకుండా ఆరేళ్లు పస్తుంటే అర్హత వస్తుందన్నమాట. పోనీ కూలీగానే అడుగుదామంటే భవన నిర్మాణ కార్మికుల కార్డు అని ఒకటుంది. పద్దెనిమిది దాటి అరవై లోపు వయసు, ఏడాదిలో 90 రోజుల పని. ఆ అర్హతలన్నీ ఈయనకు ఉన్నాయి. అయితే ఆ తొంభై రోజులు పని చేశాడని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, మేస్త్రీ పెట్టడు. కాగితం మీద పేరుంటే బాధ్యత ఉంటుందని వాడి భయం.

"మరి మొగిలయ్యకు ఇచ్చిండ్రు గద సారూ" అన్నాడు శారదాయన.

ఈ మాట వస్తుందని అర్జీల సారుకు తెలుసు. పాలమూరులో పాట పాడే ప్రతి పేదవాడికీ ఆ పేరే ఆశ. దర్శనం మొగిలయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. డక్కలి కులం, పన్నెండు మెట్ల కిన్నెర. పూర్వీకులు వనపర్తి రాజుల దగ్గర వాయించారని చెప్పుకుంటారు. ఊరూరా కిన్నెర మోగించి, పెట్టింది తిని బతికిన మనిషి. 2021 సెప్టెంబరులో భీమ్లా నాయక్ పాట విడుదలై, మొదట్లో వినిపించిన ఆ గొంతు ఎవరిదని జనం వెతుక్కున్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించింది. సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది.

2024 మే నెలలో అదే మొగిలయ్య హైదరాబాద్ పక్కన తుర్కయాంజాల్‌లో ఒక కట్టడం దగ్గర కూలి పని చేస్తూ వీడియోలో కనిపించాడు. కోటి రూపాయలు పిల్లల పెళ్లిళ్లకు, ప్లాటుకు, సగంలో ఆగిన ఇంటికి అయిపోయాయి. నెలకు పది వేల గౌరవ వేతనం ఆగిపోయింది. ఇంటి స్థలం చేతికి రాలేదు. కొడుకుకు ఫిట్స్, నెలకు మందులే ఏడు వేలు. అప్పుడు మళ్లీ టీవీలు వచ్చాయి, నాయకులు పలికారు, సాయం చేస్తామని కేటీఆర్ ముందుకొచ్చారు. ఆ సందడిలో మొగిలయ్య విలేకరులతో చెప్పిన ఇంకో సంగతి ఎవరికీ పట్టలేదు. పని కోసం పోతే చాలామంది మర్యాదగా వద్దన్నారట. గొప్పవాడివని పొగిడి, చేతిలో ఎంతో కొంత పెట్టి పంపారే గాని పని మాత్రం ఇవ్వలేదట.

హోటల్ దగ్గర మనవాళ్ల మాట వేరే. "కోటి ఇస్తే ఏం జేసిండు?" ఎవరి కోటికీ లెక్క అడగని ఊళ్లు డక్కలి మనిషి కోటికి మాత్రం రూపాయి రూపాయికీ రసీదు అడుగుతాయి. పద్మశ్రీతో పైసా రాదని చాలామందికి తెలియదు. సనదు, పతకం, అంతే. దాన్ని పేరుకు ముందూ వెనకా బిరుదులా తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పతకం పెట్టెలో ఉంటుంది, పేరు మామూలుగానే ఉంటుంది, మందుల షాపువాడు కత్తెర పట్టుకునే ఉంటాడు. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పద్మశ్రీలు పొందిన కళాకారులకు 25 లక్షల నగదు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మంచిదే. కానీ పద్మం దాకా పోయేవాళ్లు ఎంతమంది? ఆ ఏడాది నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కొండప్పకు వచ్చింది. వాళ్ల వెనక తీగ తెగిన తంబురలతో నిలబడ్డవాళ్ల లైను పెబ్బేరు సంత దాకా ఉంటుంది.

అర్జీల సారు ఇదంతా చెప్పి, అయినా ఒక కాగితం రాద్దాం, కలెక్టరాఫీసు ప్రజావాణిలో ఇద్దాం అన్నారు. అప్పుడే ఊళ్లోని ఒక కుర్రాళ్ల సంఘం వాళ్లు ఆ బల్ల దగ్గర ఆగారు. విన్నారు. నిజంగానే కదిలిపోయారు, ఆ మాట ఒప్పుకోవాలి. "అర్జీ వెట్టి ఎవరి కాళ్లు మొక్కుతవు పెద్దాయనా? మన మనిషిని మనమే చూసుకోవాలె. ఊరంతా కలిసి సన్మానం జేద్దాం. చందాలేస్తం. వచ్చింది నీ చేతుల వెడతం" అన్నాడు వాళ్ల అధ్యక్షుడు. శారదాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అర్జీల సారు కలానికి మూత పెట్టారు.

చందాలు బాగానే వచ్చాయి, పాతిక వేల దాకా. మొదటి ఖర్చు ఫ్లెక్సీ. అందులో శారదాయన నిండు వేషంలో ఉండాలి కదా, వేషం ఎప్పుడో చినిగిపోయింది. స్టూడియో కుర్రాడు ఆధార్ కార్డు ఫోటోలోంచి తల తీసి, ఎక్కడో దొరికిన ఇంకో కళాకారుడి ఒంటికి అతికించాడు. జరీ తలపాగా, మెడలో పూసలు, చేతిలో తంబుర కూడా కాదు, వీణ. కింద అక్షరాలు: పాలమూరు మట్టి గొంతుక, వీపనగండ్ల ముద్దుబిడ్డ, శారద కథా సామ్రాట్. చుట్టూ దాతల ముఖాలు. వాళ్లవి సొంత ఒళ్లే.

సన్మానం సాయంత్రం ఆరింటికని తొమ్మిదింటికి మొదలైంది. కళలు అంతరించిపోతున్నాయని ఏడుగురు మాట్లాడారు. కళను బతికించుకోవాలని ఇంకో నలుగురు. ఆ తర్వాత శారదాయనకు పది నిమిషాలు ఇచ్చారు. అరువు తంబుర. సిమెంటు తిని బొబ్బలెక్కిన వేళ్లకు అందె ఎక్కలేదు. నూనె రాసి, మెలిపెట్టి, బలవంతంగా తొడుక్కున్నాడు. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదని అర్జీల సారు అంటారు. సాయన్న గాదె తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, వెనక కూర్చున్న ముసలివాళ్లు ముందుకు జరిగారట. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు వచ్చింది. మైకు అటు పోయింది. సాయన్న గాదె ముందరే నిలబడిపోయాడు, ఆ రాత్రి ఎవరికీ గింజ పంచలేదు.

మూడు శాలువాలు, చెక్క పీఠం మీద ఇత్తడి నటరాజు, ఒక కవరు. షామియానా, మైకు, ఫ్లెక్సీలు, మెమెంటో, అతిథుల భోజనాలు పోను ఆ కవరులోకి మిగిలింది 1,116 రూపాయలు. లెక్క పక్కాగా ఉంది, సంఘం వాళ్లు పైసా తినలేదు. ఫోటోలు మాత్రం తెల్లారేసరికి మండలంలోని ప్రతి వాట్సాప్ స్టేటస్‌లోనూ ఉన్నాయి.

నెల దాటాక శారదాయన మళ్లీ చెట్టు కిందికి వచ్చాడు. చేతిలో సంచి. మనిషి తగ్గాడు.

"ఏమైంది? సామ్రాట్‌వి, ఇట్లయితివి" అన్నారు అర్జీల సారు సరదాగానే.

"ఆ మాటే అనకు సారూ. అదే సంపింది" అన్నాడు.

మేస్త్రీ పానగల్ వాడు కదా, స్టేటస్‌లు వాడి ఫోన్‌లోనూ పడ్డాయి. శారదాయన పనికి పోయేసరికి లేచి నిలబడ్డాడట. "నువ్వింత పెద్ద మనిషివని నాకేం ఎరుక? ఇన్నొద్దులు ఇటుకలు మోపిచ్చిన, తప్పయింది. రేపు ఎవడన్న వీడియో దీస్తడు. మొగిలయ్యది సూడలేదా? టీవోళ్లు వస్తరు, ఆఫీసరు వస్తడు, సామ్రాట్‌తోని ఇటుకలు మోపిస్తున్నవా, కూలెంత, కార్డేది అని నా గల్లా వట్టుకుంటరు. నీకో దండం" అని నిజంగానే దండం పెట్టి, ఐదు వందల కాగితం చేతిలో పెట్టాడు. పక్క సైటు మేస్త్రీ కూడా ఫోన్ తీసి చూశాడు, ముఖం వంక చూశాడు, తనూ దండం పెట్టాడు. అడ్డా మీద నిలబడితే తోటి కూలీలే పక్కకు జరిగి చోటు ఇచ్చారు, పని ఇచ్చేవాడు మాత్రం దాటిపోయాడు. భార్య ఒక్కదాని కూలి మీద మూడు ప్రాణాలు. కొడుకు గోలీలు పొద్దున పూటవి మానేసి రాత్రివే వేస్తున్నారు. రెండుసార్లు పడ్డాడు.

"ఎవరికి అర్జీ రాయాలె? కలెక్టరుకా, మంత్రికా?" కాగితం తీశారు అర్జీల సారు.

"ఎవలకొద్దు. సాయం గూడ వద్దు. ఆ ఫ్లెక్సీల ఉన్నోడు నేను గాదని రాసియ్యి. మేస్త్రీకి జూపెట్టుకుంట."

కలం ఆగింది ఇక్కడే. లేనివాడినని, ముసలివాడినని, ఒంటరిదాన్నని, వికలాంగుడినని ఎన్ని వేల కాగితాలు రాశారో ఆయన. ఫలానా మనిషిని నేను కాదని రాయమన్నవాడు ఇతనొక్కడే.

"అబద్ధం అయితది గదనే" అన్నారు చివరికి.

"అబద్ధమెట్లయితది సారూ? నువ్వే సూడు. తలపాగ నాది గాదు, పూసలు నావి గావు, ఒళ్లు నాది గాదు. నాకు వీణె పట్టుకునుడే రాదు. ఒక్క తలకాయనే గద నాది."

ఆ లెక్క ప్రకారం ముప్పాతిక నిజమే. అర్జీల సారు రాశారు. సదరు ఫ్లెక్సీలో కనిపించు కళాకారుడు వేరు, ఈ కాగితం తెచ్చిన వ్యక్తి వేరు, ఇతడు కేవలం కూలీ, ఇతనికి ఎటువంటి కళా రాదు. ఆఖరి వాక్యం తన చేత్తో రాయాల్సి వచ్చిందని ఇప్పటికీ గొణుగుతారు. రాస్తే సరిపోదు కదా, ఫ్లెక్సీ వేయించిన సంఘం ముద్ర పడాలి. ఇద్దరూ కలిసి అధ్యక్షుడి దగ్గరకు పోయారు.

అధ్యక్షుడు చదివాడు. మళ్లీ చదివాడు. కోపం రాలేదు, పాపం, ఆలోచనలో పడ్డాడు.

"సంతకం జేస్త, దాందేముంది. కాని పెద్దాయనా, రేపు చందాలిచ్చినోళ్లు అడిగితే ఏం జెప్పాలె నేను? కళాకారుడే గాదని మేమే రాసిస్తిమి. మరి కళాకారుడని ఇచ్చినయి..."

శారదాయన మాట పూర్తి కానివ్వలేదు. సంచి విప్పాడు. మడత విప్పని మూడు శాలువాలు, ప్లాస్టిక్ కవరు తీయని నటరాజు, వరసగా బల్ల మీద పెట్టాడు.

అధ్యక్షుడు శాలువాలు లెక్కపెట్టాడు, మెమెంటో తిప్పి చూశాడు, పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ ఆగాడు. "ఇంకొకటుండాలె. కవర్ల 1,116?"

"అవి గోలీలకైనయి సారూ" అన్నాడు శారదాయన. "నన్ను రెండు దినాలు పనికి పోనియ్యుండ్రి, మీ పైసలు మీకు తెచ్చిస్త. కాకపోతె, ముందుగాల ఆ సంతకం జెయ్యుండ్రి."